మీకు తెలుసా? సున్నా కొట్టినా 300 వేసే పరీక్ష!

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి ఒక్కసారి తలెత్తి చూడండి. సీసీఎన్‌ఏ కోచింగ్ బోర్డు కనపడకపోతే అడగండి! రూటర్లు, స్విచ్‌లు పట్టుకుని ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు తొలిమెట్టు ఈ సిస్కో పరీక్షే. అందులో మార్కులు ఎక్కడ మొదలవుతాయో తెలుసా? సున్నా దగ్గర కాదు, 300 దగ్గర! స్కేలే 300 నుంచి 1000. పేపరంతా తప్పులు పెట్టినా 300 మీ ఖాతాలో పడతాయి. మరీ సంబరపడకండి, దాంతో గట్టెక్కరు!

మరి ఎన్నొస్తే గట్టెక్కుతారు? అదే చెప్పరు! పాస్ మార్కు ఎంతో సిస్కో బయటపెట్టదు. ఫీజు మాత్రం 300 డాలర్లు, మన లెక్కలో పాతిక వేలు దాటుతుంది. అంత పోసి దూకుతారు, గీత ఎక్కడుందో తెలియదు!

ఇంకో తిరకాసు వినండి. వెనక్కి వెళ్లే బటన్ లేదు! తెలియనిది వదిలేసి చివర్లో చూసుకుందాం అనే ఎంసెట్ అలవాటు ఇక్కడ చెల్లదు. ‘నెక్స్ట్’ నొక్కారా, ఆ ప్రశ్న మళ్లీ కనపడదు. 120 నిమిషాలూ ముందుకే నడక!

కాలిక్యులేటర్ కూడా ఇవ్వరు! పరీక్షా కేంద్రంలో చేతికొచ్చేది చెరిపి రాసుకునే ఓ బోర్డు, ఓ పెన్ను. సబ్‌నెట్టింగ్ లెక్కలు, అంటే నెట్‌వర్క్‌ని ముక్కలు చేసే లెక్కలు మాత్రం మీదపడతాయి. అందుకే కోచింగ్ కుర్రాళ్లందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. దాని పేరు 256! మాస్కు 255.255.255.192 ఇచ్చారనుకోండి. 256లోంచి 192 తీసేయండి. 64 మిగిలింది. అంటే నెట్‌వర్కులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయన్నమాట. ఇప్పుడు 192.168.10.77 ఎక్కడ పడింది? 64కీ 128కీ నడుమ. నెట్‌వర్క్ అడ్రస్ 64, బ్రాడ్‌కాస్ట్ 127, కంప్యూటర్లకు దక్కేవి 62. అయిపోయింది! బోర్డు మీద పెన్ను పెట్టే పని కూడా లేదు.

అసలు ఐపీ అడ్రస్‌కి 32 బిట్లే ఎందుకు? 1977లో వింట్ సెర్ఫ్ అలా తేల్చేశారు కాబట్టి! వాదనలు తెగట్లేదు. ఇది ప్రయోగమే కదా, 32 చాలు పొమ్మన్నారు. ఆ ప్రయోగం ఆగలేదు! మొత్తం అడ్రస్‌లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. భూమ్మీద మనుషులకు తలా ఒకటైనా రాదు!

అవి అయిపోయిన తేదీ కూడా ఉంది! 2011 ఫిబ్రవరి 3. ఆ రోజు మయామీలో చిన్న వేడుక చేసి, ఆఖరి 5 పెద్ద ముక్కలను 5 ప్రాంతీయ సంస్థలకు తలా ఒకటి పంచేశారు. కేంద్ర గోదాము ఖాళీ!

కరువు అంటారు గానీ దుబారా చూడండి! 127తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికే. సాధారణంగా వాడేది ఒక్కటే, 127.0.0.1. పక్కన పెట్టినవి మాత్రం 1 కోటి 67 లక్షల 77 వేల 216! ఇంత అడ్డగోలు పంపకం ఇంకెక్కడా చూడలేదు నేను!

మీ ఇంటి వైఫై రూటర్ అడ్రస్ చెప్పమంటారా? 192.168తో మొదలవుతుంది, పందెం! విజయనగరంలో అదే, డల్లాస్‌లోని మీ బాబాయిగారింట్లోనూ అదే. ఇళ్లకీ ఆఫీసులకీ ఎవరైనా ఎన్నిసార్లైనా వాడుకోండని 1996లో వదిలేసిన అడ్రస్‌లవి. ఆ వరసలో ఉన్నవి 65,536 మాత్రమే!

కొత్త ఐపీ వెర్షన్ 6లో ఎన్ని అడ్రస్‌లో చదవగలరా? 39 అంకెల సంఖ్య! లక్షలు, కోట్లు చాలవు. పరీక్షలో ఒక్కటే హాయి. వరసగా వచ్చే సున్నాల గుంపులను రెండు కోలన్లతో ఎగరగొట్టేయొచ్చు. కానీ ఒక అడ్రస్‌లో 1 సారే! రెండోసారి ఎగరగొట్టారో, ఆ అడ్రసే చెల్లదు.

ఐపీలో వెర్షన్ 4 తర్వాత 6 వచ్చింది. మరి 5 ఏమైంది? ఉంది! 1990లో మాటా బొమ్మా పంపడానికి తయారైన ఓ ప్రయోగాత్మక ప్రోటోకాల్ ఆ అంకెను ముందే పట్టేసింది. జనంలోకి మాత్రం రాలేదు!

ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ పుట్టుకతో వచ్చే మ్యాక్ అడ్రస్ ఒకటుంటుంది. 48 బిట్లు! లెక్కేస్తే 281 లక్షల కోట్లు పైనే! అందులో మొదటి సగం చూస్తే ఆ కార్డు ఏ కంపెనీదో తెలిసిపోతుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఇప్పుడే వెతికి చూడండి.

ఓఎస్ఐ మోడల్‌లో పొరలు 7. వాటి వరస గుర్తుండటానికి ప్రపంచమంతా ఒకే మంత్రం చదువుతోంది. ‘ప్లీజ్ డూ నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే!’ సాసేజ్ ఎలా ఉంటుందో ఎరగని కుర్రాళ్లు కూడా గడగడా అప్పజెప్పేస్తారు! 8వ పొర ఒకటుందని ఇంజినీర్ల కొంటె మాట. అది ఎవరో తెలుసా? కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి!

అనంతం అంటే ఎంత? గణితం మాస్టారిని అడగకండి, రిప్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌ని అడగండి. 16 అంటుంది! నిజం! 15 రూటర్లు దాటి పోగలదు. 16 అన్నారంటే ఆ ఊరు ఇక లేనట్టే!

ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ పేరు వింటే సీసీఎన్‌ఏ విద్యార్థికి చెమటలు. దాని గుండెకాయ డైక్‌స్ట్రా అల్గారిదం. అది పుట్టడానికి పట్టిన సమయం? 20 నిమిషాలు! 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో షాపింగ్‌కి వెళ్లి, అలసి, కాఫీ తాగుతూ కూర్చున్నారు డైక్‌స్ట్రా. చేతిలో కాగితం లేదు, పెన్సిల్ లేదు. బుర్రలోనే కట్టేశారు! మనవాళ్లకి అది వంటబట్టడానికి వారాలు పడుతోంది, వేరే సంగతి.

ఇంటర్నెట్ మొత్తాన్ని కలిపి ఉంచే బీజీపీ ఎక్కడ పుట్టిందో ఊహించండి. భోజనాల బల్ల మీద! 1989 జనవరిలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఇంజినీర్ల సమావేశం. కర్క్ లోహీడ్, యాకోవ్ రెక్టర్ తింటూ తింటూ నాప్‌కిన్ల మీద గీసేశారు. దానికి ‘2 నాప్‌కిన్ల ప్రోటోకాల్’ అనే పేరే పడిపోయింది! సూపు మరకలు అంటాయో లేదో గానీ ప్రపంచం ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

ఈ బీజీపీకి కాస్త చెయ్యి జారితే ఏమవుతుందో చూస్తారా? 2008 ఫిబ్రవరి 24. పాకిస్థాన్‌లో యూట్యూబ్ ఆపాలనుకున్నారు. ఆగింది. పాకిస్థాన్‌లోనే కాదు, ప్రపంచమంతా! దాదాపు 2 గంటలు! ఎలా? యూట్యూబ్ తన అడ్రస్‌లను స్లాష్ 22 అనే పెద్ద ముక్కగా చాటింది. పాకిస్థాన్ టెలికాం అందులోని చిన్న ముక్కను, స్లాష్ 24ను, నాదే అని చాటేసింది. ఆ చాటింపు పొరపాటున దేశం దాటింది. పోస్ట్‌మ్యాన్ ఊరి పేరు ఉన్న కవరు కంటే ఇంటి నంబరు ఉన్న కవరునే నమ్ముతాడు కదా, రూటరూ అంతే. ఎంత చిన్న ముక్కయితే దానికంత నమ్మకం! ప్రపంచం క్లిక్కులన్నీ పాకిస్థాన్ దారి పట్టాయి. యూట్యూబ్ ఏం చేసిందో తెలుసా? ఇంకా చిన్నగా కోసింది! స్లాష్ 25 ముక్కలు రెండు చాటి తన జనాన్ని తాను వెనక్కి లాక్కుంది. పుస్తకంలో ‘లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్’ అని ఒకే లైను ఉంటుంది. ఆ లైను వెనక ఇంత రచ్చ!

2021 అక్టోబర్ 4 గుర్తుందా? వాట్సాప్ మూగబోయిన రోజు! ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు 6 గంటలు మాయం. సొంత ఇంజినీర్లే వేసిన ఓ కమాండు, దాంతో వెనక్కి పోయిన బీజీపీ దారులు! బాగు చేద్దామంటే వాళ్ల లోపలి పనిముట్లూ ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయాయె!

స్విచ్‌లను గుండ్రంగా కలిపితే ప్యాకెట్లు తిరుగుతూనే ఉంటాయి, ఆగవు. దీనికి మందు స్పానింగ్ ట్రీ. దాన్ని కనిపెట్టింది ఓ మహిళ! రేడియా పెర్ల్‌మన్, 1985. శుక్రవారం బాస్ పని అప్పజెప్పి వారం సెలవు మీద వెళ్లిపోయారు. ఆ రాత్రికే చిక్కు విడిపోయింది. సోమవారం, మంగళవారం కూర్చుని పద్ధతంతా రాసేశారు. ఇక మిగిలిన 3 రోజులు ఏం చేయాలి? బాస్ రావాలి కదా! ఆ తీరికలో దాని మీద పద్యం రాశారు. పేరు ‘అల్గొరైమ్’! నన్నడిగితే నెట్‌వర్కింగ్ చరిత్రలో ఇంత దర్జాగా గడిచిన వారం ఇంకొకటి లేదు.

ఆ స్పానింగ్ ట్రీయే అలిగితే? ఆస్పత్రే కుదేలైంది! అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రి, 2002 నవంబర్. నెట్‌వర్క్ ఏళ్ల తరబడి అతుకుల మీద అతుకులు వేసుకుంటూ పెరిగిపోయింది. ఒకదాని వెనక ఒకటి 7 స్విచ్‌లు మించకూడదని పెద్దల మాట. అక్కడ ఆ హద్దు దాటేసింది! ఒక్కసారిగా వరద. 4 రోజులు అల్లాడారు. కంప్యూటర్లు పక్కన పెట్టి డాక్టర్లు కాగితం, కలం పట్టారు! సిస్కో నుంచి ఇంజినీర్లు, సామాను విమానమెక్కి రావాల్సొచ్చింది.

మీ ఆఫీసులో కొత్త స్విచ్‌కి కేబుల్ గుచ్చి చూడండి. పోర్టు లైటు నారింజ రంగులో ఉంటుంది. వెంటనే పచ్చబడదు! పాత స్పానింగ్ ట్రీ నడుస్తుంటే సరిగ్గా 30 సెకన్లు! 15 వింటుంది, 15 నేర్చుకుంటుంది. గుండ్రంగా తిరిగే దారి లేదని తేలాకే వదులుతుంది. కేబుల్ పాడైందని పీకి మళ్లీ గుచ్చేవాళ్లకు ఆ 30 మళ్లీ మొదలు!

ల్యాబ్‌లో కూర్చున్నారా? ‘షో వీల్యాన్ బ్రీఫ్’ కొట్టండి. కిందికి చూడండి. 1002 నుంచి 1005 దాకా ఎవరూ పెట్టని వీల్యాన్‌లు, అంటే స్విచ్ లోపలి విడి నెట్‌వర్కులు, నాలుగు! టోకెన్ రింగ్, ఎఫ్‌డీడీఐ అనే పాతకాలపు నెట్‌వర్కుల కోసం ఉంచినవి. ఆ నెట్‌వర్కులు ఎప్పుడో పోయాయి. వీటిని తీసేద్దామంటే మాత్రం స్విచ్ ఒప్పుకోదు!

పాత స్విచ్ ఒకటి మూలన పడి ఉందా? దుమ్ము దులిపి ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించే ముందు ఆగండి! వీల్యాన్‌ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే వీటీపీ రివిజన్ నంబరు చూశారా? డొమైన్ పేరు కలిసి, ఆ పాతదానికే పెద్ద నంబరుంటే, అది మిగతా స్విచ్‌లన్నిటికీ తన పాత జాబితానే నేర్పేస్తుంది. ఆఫీసు వీల్యాన్‌లన్నీ గాల్లో కలిసిపోతాయి! ముందే ఆ నంబరును 0 చేయాలి. తెలిసినవాళ్లు అందుకే చేతులు వణుకుతూ తగిలిస్తారు.

లేత నీలం రంగు చదును కేబుల్ ఒకటి సీసీఎన్‌ఏ కుర్రాడి బ్యాగులో తప్పకుండా ఉంటుంది. కన్సోల్ కేబుల్! గిగాబిట్ల వేగంతో డేటా తోలే రూటర్‌తో దీని మీద ఎంత వేగంతో మాట్లాడతారో తెలుసా? సెకనుకు 9600 బిట్లు!

కొత్తవాళ్లను రూటర్ ఏడిపించే తీరు చూడాలి! కమాండులో ఒక్క అక్షరం తప్పు కొట్టండి. అది తప్పని చెప్పదు. ఇదేదో వెబ్‌సైట్ పేరనుకుని 255.255.255.255 అడ్రస్‌కి కేకేసి అడుగుతుంది. అంటే ఊళ్లో అందరినీ! బదులు రాదు. తెర కదలదు. మీరు కళ్లప్పగించి చూడాలి. అందుకే ల్యాబ్ మొదలెట్టగానే అనుభవజ్ఞులు కొట్టే మొదటి మంత్రం ‘నో ఐపీ డొమైన్ లుకప్’!

రూటర్ పాస్‌వర్డ్ మరిచిపోయారా? కంగారొద్దు, సిస్కోనే దొడ్డిదారి పెట్టింది! ఆపి ఆన్ చేయండి. మొదటి 60 సెకన్లలోపు బ్రేక్ కీ నొక్కండి. హెక్స్ 2142 అని రిజిస్టర్ మార్చండి. మళ్లీ లేచేటప్పుడు రూటర్ తన పాత సెట్టింగులను చూడనే చూడదు! లోపలికెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, రిజిస్టర్‌ని 2102కి తిప్పేయడమే. అర్థమైందిగా, సర్వర్ గదికి తాళం ఎందుకు వేస్తారో!

సిస్కో పరికరాల్లో టైప్ 7 అని ఒక దాపరికం ఉంది. చూడ్డానికి గజిబిజి అంకెలు. విప్పడానికి? రెప్పపాటు! దాని తాళంచెవి అన్ని పెట్టెల్లోనూ ఒకటే, 1995 నుంచీ లోకానికి తెలిసిందే. పక్కవాడు భుజం మీంచి చూసినప్పుడు పాస్‌వర్డ్ కనపడకుండా ఉండటానికి మాత్రం పనికొస్తుంది!

హైదరాబాద్‌లో కూర్చుని ముంబై రూటర్‌ని మారుస్తున్నారనుకోండి. ఒక్క తప్పు లైను కొడితే మీకే తలుపు మూసుకుపోతుంది! మరి ఘటికులు ఏం చేస్తారో చూడండి. ముందే ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి పెడతారు. 10 నిమిషాల్లో రూటర్ దానంతటదే ఆగి, పాత సెట్టింగులతో లేస్తుంది. పని సవ్యంగా అయిందా, ‘రీలోడ్ క్యాన్సిల్’! ఆ రెండో కమాండు మరిచారో, పట్టపగలు ఆఫీసు నెట్ ఎగిరిపోతుంది!

దూరంగా ఉన్న రూటర్‌లోకి భద్రంగా లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్‌కి పోర్టు 22. బట్టీ పట్టిందే కదా! అది ఎలా దక్కిందో తెలుసా? ఒక్క ఈమెయిల్! 1995లో ఫిన్లాండ్ కుర్రాడు తాతు యిలోనెన్ తన కొత్త ప్రోగ్రామ్‌కి నంబరు వెతుకుతున్నాడు. 21 ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. నడుమ 22 ఖాళీ! నంబర్లు పంచేవాళ్లకి ఇస్తారా అని రాశాడు. మర్నాడే ఇచ్చేశారు. సంతకాలు లేవు, సిఫార్సులు లేవు!

పింగ్! నెట్ ఉందా లేదా అని చూడ్డానికి అందరూ కొట్టేదే. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ దాన్ని ఒక్క సాయంత్రంలో రాసేశాడు. దాదాపు 1000 లైన్లు! జలాంతర్గాముల సోనార్ చప్పుడు వినే ఆ పేరు పెట్టాడు.

మీ అపార్ట్‌మెంట్‌లో వైఫైలు ఎన్ని కనపడుతున్నాయి? పాతికా? 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండే ఛానెళ్లు ఎన్నో తెలుసా? 3! అవి 1, 6, 11. ఈ మూడంకెలు సీసీఎన్‌ఏలో ఇష్టమైన ప్రశ్న. పక్కింటాయన 3లో పెట్టుకున్నాడంటే 1నీ 6నీ ఇద్దరినీ చెడగొడతాడు!

రూటర్లు గడియారం కలుపుకునే ఎన్‌టీపీకి ఓ గండం ఉంది! 1900 నుంచి సెకన్లు లెక్కపెడుతోంది. లెక్కకు 32 బిట్లే. 2036 ఫిబ్రవరి 7న పాత్ర నిండి మళ్లీ సున్నా! ఇప్పుడు సర్టిఫికెట్ కొట్టేవాళ్లు ఆ రోజుకి డ్యూటీలోనే ఉంటారు, చూసుకోండి.

ఈథర్‌నెట్ తొలి వేగం ఎంతనుకున్నారు? 1973లో బాబ్ మెట్‌కాఫ్ దాన్ని రూపొందించిన కాలంలో సెకనుకు 2.94 మెగాబిట్లు! నేడు డేటా సెంటర్ల ప్రమాణం 800 గిగాబిట్లు. 2 లక్షల 70 వేల రెట్లు! అయినా పేరు అదే, పోర్టు పేరు కూడా అదే.

సిస్కోది కాని పరీక్ష కావాలా? కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ ఉంది. గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు! నిమిషానికొకటి అనుకున్నారా? అక్కడే బోల్తా! తెర మీద నెట్‌వర్క్ బొమ్మ ఇచ్చి బాగు చేయమనే ప్రశ్నలుంటాయి. ఒక్కోటి అయిదారు నిమిషాలు మింగేస్తుంది. మార్కులు 100 నుంచి 900. పాస్‌కి 720. వీళ్లు కనీసం గీత ఎక్కడుందో చెబుతారు!

ఇంట్లోనే పరీక్ష రాయొచ్చు, తెలుసుగా? కానీ ముందు గది నాలుగు వైపులా 4 ఫోటోలు తీసి పంపాలి! బల్ల మీద పుస్తకం ఉండకూడదు. పక్కన రెండో మానిటర్ వెలగకూడదు. ప్రశ్నను పెదాలు కదుపుతూ చదివినా హెచ్చరిక వస్తుంది! మధ్యలో అమ్మమ్మ టీ పట్టుకుని లోపలికొచ్చిందా? పరీక్ష అక్కడికక్కడే రద్దయ్యే ప్రమాదం! ఇంట్లో తలుపు గడియ సరిగా పడదనుకుంటే కేంద్రానికెళ్లడమే మేలు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఓ మాట! బుక్ చేసేటప్పుడు పెట్టిన పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే కావాలి. మన ఇంటిపేర్లు తెలుసుగా! పాస్‌పోర్టులో పూర్తిగా, కాలేజీ సర్టిఫికెట్‌లో 1 అక్షరంగా, ఆధార్‌లో ఇంకోలా! పేరు కలవలేదని గుమ్మం దగ్గరే ఆపేస్తే ఫీజు గోవిందా.

వయసు ఎంతుండాలి? డిగ్రీ అక్కర్లేదు, ఇంటర్ అక్కర్లేదు. 13 నిండితే చాలు! 18 వచ్చేదాకా అమ్మానాన్నల అనుమతి కావాలి, అంతే. ఎనిమిదో తరగతి పిల్లాడు సీసీఎన్‌ఏ రాయొచ్చన్నమాట!

రూటర్లు కొనకుండానే ల్యాబ్ చేయొచ్చు! ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. మౌస్‌తో రూటర్ లాగి, కేబుల్ గుచ్చి, ప్యాకెట్ కవర్ ఎగురుతూ వెళ్లడం కళ్లారా చూడొచ్చు. 1997లో మొదలైన సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఇప్పటిదాకా చదివినవాళ్లు 2 కోట్ల పైనే!

2024 ఆగస్టు 20 నుంచి సీసీఎన్‌ఏ సిలబస్‌లో కొత్త చుట్టం చేరింది. కృత్రిమ మేధ! రూటర్లు బిగించే పరీక్షలో మెషీన్ లెర్నింగ్ ప్రశ్న! పాత పుస్తకం చేతబట్టుకుని వెళ్లేవాళ్లకి ఇది తెలియదు.

ఇక సిస్కో పరీక్షల్లో పెద్దన్న, సీసీఐఈ! 1993లో పుట్టింది. తొలి నంబరు 1 కాదు, 1024! రెండుని పదిసార్లు గుణించి చూడండి, అదే వస్తుంది. మరి ఆ తొలి నంబరు ఏ మనిషికి దక్కింది? ఎవరికీ కాదు! పరీక్ష పెట్టే ల్యాబ్ గదికే ఇచ్చేశారు! 1025 పరీక్ష తయారుచేసిన స్టువర్ట్ బిగ్స్‌కి. రాసి నెగ్గిన టెర్రీ స్లాటరీకి 1026. ఈ లోకంలో ఇంటిపేరు కంటే నంబరుకే గౌరవం. నంబరు చిన్నదైతే అంత పాతకాపు!

ఆ రోజుల్లో సీసీఐఈ ల్యాబ్ 2 రోజులు! మొదటి రోజంతా, రెండో రోజు ఒక పూటా నెట్‌వర్క్ కట్టాలి. చెమటోడ్చి కట్టాక బయటికెళ్లమంటారు. మీరు తిరిగొచ్చేలోపు పరీక్షకుడు దాన్ని కావాలని చెడగొట్టేస్తాడు! ఏం చెడగొట్టాడో కనిపెట్టి బాగు చేయాలి. ఇంతకంటే కసి పరీక్ష ఉంటుందా చెప్పండి! 2001లో దాన్ని ఒక్క రోజుకి కుదించారు. ఇప్పుడు 8 గంటలు. మొదటి 3 గంటలు డిజైన్, తర్వాత 5 గంటలు చేతిపని!

ఆ ల్యాబ్ రాయడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన పక్కనే బెంగళూరులో ఉంది! హైదరాబాద్ నుంచి దాదాపు 570 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఎక్కితే పొద్దున్నే దిగొచ్చు. కానీ రాత్రంతా మేలుకుని 8 గంటలు కూర్చోవడం మాత్రం తెలివైన పని కాదు!

ఇంతకీ సిస్కో బొమ్మ చూశారా? పొట్టీ పొడుగూ 9 నిలువు గీతలు. అవి సిగ్నల్ కడ్డీలు కావు! శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన! రెండు పొడుగు గీతలూ దాని స్తంభాలు. ఇక ఆ గుర్తును మామూలుగా చూడలేరు!

పరీక్షలో ఎప్పటికీ రాని ప్రశ్న ఒకటి చెప్పనా? పావురాల మీద ఐపీ! 1990 ఏప్రిల్ 1న సరదాగా ప్రమాణం రాశారు. నార్వేలోని బెర్గెన్ కుర్రాళ్లు 2001లో నిజంగానే చేసి చూశారు! పింగ్ ప్యాకెట్లు కాగితాల మీద అచ్చేసి పావురాల కాళ్లకు కట్టారు. 9 పంపితే 4 జవాబులు తిరిగొచ్చాయి! సగటున ఒక్కో జవాబుకి గంటకు పైనే. ఐపీకి దారి ఏదైతేనేం, చేరితే చాలంటుంది!

కష్టపడి తెచ్చుకున్న సీసీఎన్‌ఏ జీవితాంతం నిలుస్తుందా? ఊహూ! 3 ఏళ్లు! ఆ లోపు మళ్లీ పరీక్షైనా రాయాలి, కోర్సులు చేసి 30 క్రెడిట్లైనా పోగేయాలి. లేకపోతే సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది గానీ లెక్కలో ఉండదు.

తప్పితే ఎన్నాళ్లాగి మళ్లీ రాయాలి? 5 రోజులు! చాలా తక్కువ కదా? పాసైనవాళ్లు అదే పరీక్ష మళ్లీ రాయాలంటే ఎన్ని రోజులు ఆగాలో తెలుసా? 180! నమ్మండి, పాసయ్యాక అదే పేపరు మళ్లీ రాసే మహానుభావులు ఉంటారనే ఆ రూలు పెట్టారు!